ముద్దాయి పక్షమున నిలుచువారు

ఏదైన నొక పట్టణమున ఘోరమైన నేరము జరిగినంతనే అచ్చటి బారు సంఘము సమావేశమై, ముద్దాయి పక్షమున తమలో నెవ్వరును వకాల్తా పుచ్చుకొనరాదని తీర్మానించుట మన దేశమున ఆచారముగా స్థిరపడినది. జనులు దానిని మెచ్చుకొందురు. కోయంబత్తూరులో న్యాయవాదులకును పోలీసులకును జరిగిన తగవునుండి పుట్టిన మహమ్మద్ రఫీ కేసులో, ఇట్టి తీర్మానములు చెల్లవనియు, వృత్తిధర్మమునకే విరుద్ధములనియు 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు నిష్కర్షగా చెప్పినది. అయినను తీర్మానములు ఆగలేదు. ముద్దాయి దోషియని తనకు తోచినను అతని పక్షమున వాదింపవలసినదే యని బార్ కౌన్సిల్ నియమావళి శాసించుచుండగా, తీర్మానము చేయువారు దానిని చదువలేదనుకొనుట కష్టము.

ఈ ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. తెలంగాణ రైతాంగ పోరాటకాలమున హత్యానేరములు మోపబడిన పండ్రెండుగురికి హైదరాబాదు రాష్ట్రపు ప్రత్యేక ట్రిబ్యునలు 1949లో మరణశిక్ష విధించినది. వారి కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు వాదించుటకు డి. ఎన్. ప్రిట్ అను బారిస్టరు ఇంగ్లండునుండి వచ్చెను. విచారణలో న్యాయవాదిని పెట్టుకొను అవకాశము తమకు దక్కలేదన్నది ముద్దాయిల ప్రధానమైన మొర. మరణశిక్షకు తగిన నేరమైనను, ముద్దాయికి ప్లీడరు లేనంతమాత్రమున ప్రతి విచారణయు చెడిపోయినదని సూత్రీకరింప వీలులేదని 1951లో న్యాయస్థానము తీర్పుచెప్పినది. వారిని ఉరికంబమునుండి తప్పించినది న్యాయస్థానము కాదు. తరువాత శిక్షలు యావజ్జీవముగా తగ్గింపబడినవి.

ఆ సూత్రము నేడు నిలువదు. బీదవారికి ఉచిత న్యాయసహాయము కల్పింపవలెనను 39ఎ అధికరణము 1976లో రాజ్యాంగమున చేరినది. బొంబాయి దాడుల ముద్దాయి కసబ్ పక్షమున వాదించుటకు నియుక్తురాలైన న్యాయవాది ఇంటిపై 2009లో రాళ్లు రువ్విరి. ఆ కేసులోనే, 2012 ఆగస్టు తీర్పున, ముద్దాయిని తొలిసారి తన యెదుట నిలిపిన నాడే న్యాయవాది హక్కును అతనికి తెలుపుట మేజిస్ట్రేటు విధి యని సుప్రీంకోర్టు నిర్దేశించినది. 166 మందిని బలిగొన్న దాడిలో పాల్గొన్నవానికి మరణశిక్షను ఖాయము చేయుచునే ఈ మాట చెప్పినదని గమనింపవలెను.

హక్కు కాగితముపై నుండుట వేరు, న్యాయవాది సిద్ధపడి నిలుచుట వేరు. మధ్యప్రదేశములోని ఖండ్వాలో 2013లో ఒక పసిపిల్లపై అత్యాచారము, హత్య కేసున, అభియోగములు నిర్ణయించిన దినముననే ముద్దాయికి ప్రభుత్వవ్యయమున న్యాయవాదిని నియమించిరి. కాగితములు చదువుటకే వ్యవధి లేకపోయెను. పక్షముదినములలో మరణశిక్ష పడినది. 2019లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, మరణశిక్షకో యావజ్జీవమునకో అవకాశమున్న కేసులలో నియుక్తుడగు న్యాయవాదికి పదేండ్ల అనుభవము, సన్నాహమునకు కనీసము ఏడుదినముల గడువు ఉండవలెనని కట్టడి చేసినది. పునర్విచారణలో 2022లో మరల మరణశిక్ష. హైకోర్టు దానిని త్రోసివేసినది. 2024లో అతడు నిర్దోషిగా విడుదలయ్యెను. చెరలో గడచినవి పదునొకం డేండ్లు! పసిబిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకు సైతము ఆ తొందర న్యాయము చేకూర్చలేదు.

వ్యవస్థీకృత నేరముల విషయము మరింత జటిలము. పోలీసు సూపరింటెండెంటు వ్రాసికొనిన ఒప్పుకోలు 1999 నాటి మహారాష్ట్ర చట్టమున సాక్ష్యముగా చెల్లును. బెయిలు కోరునాడే, సాక్షుల విచారణకు ముందుగనే, ముద్దాయి దోషి కాడను నమ్మకమును న్యాయవాది కోర్టునకు కలిగింపవలెను. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 111వ సెక్షను ఇట్టి నేరమును దేశమంతటికిని వర్తింపజేసినది. గత పదేండ్లలో ఒకటికి మించిన అభియోగపత్రములు దాఖలై యుండవలెనన్నది అందలి షరతు. ఆ పాత దస్త్రములను ఏ ఊరి కోర్టులోనో వెదకి, అందులో ముఠాసంబంధము కలదో లేదో తేల్చుటయే వాదనలో సగము పని.

ముఠానాయకునికి పేరుమోసిన న్యాయవాదులు దొరకుదురు. సంచి మోసిన కుఱ్ఱవానికి ఎవరు దిక్కు? తరచుగా నాయకుని న్యాయవాదియే వానికిని వకాల్తా పట్టును. నాయకుని పేరు చెప్పినచో కుఱ్ఱవానికి మేలు కలుగునప్పుడు, ఆ న్యాయవాది చెప్పనిచ్చునా? న్యాయసహాయ సంస్థ 2022లో ప్రారంభించిన పథకమున జిల్లాకోర్టులలో పూర్తికాలపు డిఫెన్సు కౌన్సిళ్లు నియుక్తులైనారు. కుఱ్ఱవాడు అరెస్టయిన రాత్రియే వారిలో ఒకరు, నాయకుని మనుష్యులకంటె ముందుగా, వానిని చేరుకొనగలుగుచున్నారా యన్నది ఇప్పుడు అడుగవలసిన ప్రశ్న.