పుకారుకు మందు ఎనిమిదో తరగతి గదిలో

2018 వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా పల్లెల్లో జనం ఆరుబయట పడుకోవడానికి భయపడ్డారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన వీడియోలే కారణం. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అది అబద్ధమని చెప్పించారు. ఆమె పరిధిలోని సుమారు 400 పల్లెల్లో ఆ పుకారుకు ఒక్కరూ బలి కాలేదు. అదే మే నెలలో పాత నల్గొండ జిల్లాలోని బీబీనగర్ మండలంలో, బంధువుల ఊరికి వచ్చిన మనిషిని దొంగ అనుకుని జనం కొట్టి చంపారు.

డప్పు పని చేసింది. కానీ ఎస్పీలు బదిలీ అవుతారు. ఊరి బడి మాత్రం ఊళ్లోనే ఉంటుంది. అందుకే ఈ పని బడికి చేరాలని మేము అంటున్నాం.

ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో సినిమా, పత్రికల గురించి ఒక పాఠం ఇప్పటికే ఉంది. దాన్ని పరీక్ష కోసం కంఠతా పట్టించి వదిలేయకుండా, పిల్లల చేతిలోని ఫోను దాకా తీసుకురావాలి. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోనే చూడండి. బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లే పిల్లవాణ్ణి తిరిగి దింపుతారు. ఆ చివరి ముక్క కత్తిరించి పంపారు. ఇది ఎవరు తీశారు? ఎక్కడ, ఎప్పుడు? ముందూ వెనకా ఏముంది? ఈ ప్రశ్నలు అడగడం నేర్చిన పిల్లే రేపు ఓటు వేసే ముందు కూడా అడుగుతుంది. కేరళలోని కన్నూరు జిల్లా 2018లోనే 150 ప్రభుత్వ పాఠశాలల్లో ఇలాంటి బోధన చేపట్టింది. మన దగ్గర ఎందుకు కుదరదు?

ఇతరులకు చెప్పే ముందు మన సంగతీ చూసుకోవాలి. అఫ్ఘానిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు మరణశిక్ష పడింది, వెంటనే ప్రార్థించండి అనే సందేశం ఏళ్ల తరబడి సంఘాల గ్రూపుల్లో తిరిగింది. అది అబద్ధం. పంపినవారి మనసు మంచిదే. అయినా, అబద్ధపు వార్తను వ్యాపింపజేయవద్దన్న నిర్గమకాండపు ఆజ్ఞ మంచి మనసున్న వారికీ వర్తిస్తుంది. పౌలు బోధనే అయినా లేఖనాలతో సరిచూసుకున్న బెరయవారిని బైబిలు మెచ్చుకుంది కానీ అవిశ్వాసులని నిందించలేదు.

మన సంఘాల్లో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ఈ వేసవి వి.బి.ఎస్.లో ఒక పూట దీనికి కేటాయించండి. పిల్లలు ఇంటికి వెళ్లి అమ్మానాన్నల ఫోను చూసి, "ఇది నిజమేనా?" అని అడిగితే విసుక్కోకండి. ఆ ప్రశ్న ఆ రోజు బీబీనగర్‌లో ఒక్కరు అడిగి ఉంటే ఒక ఇంటి దీపం ఆరేది కాదేమో.