తలుపేసుకుంటే పొగ ఆగుతదా?

అన్నలారా, తమ్ముళ్లారా, కోపం తెచ్చుకోకుండా చదవండి. వరి కోసినంక కొయ్యలకు అగ్గిపెట్టేటోళ్లను అడిగితే ఒకటే మాట: "పొలం ఊరి బయట ఉన్నది, పొగొస్తే తలుపేసుకోండ్రి."

తలుపేసుకున్నం. కిటికీలు కూడా మూసినం. మా అమ్మకు ఆయాసం. మొన్న మా ఇంటెనక పొలంల పొద్దుగూకినంక మంట పెట్టిన్రు. రాత్రంతా ఆమె మంచంల కూసునే ఉన్నది, ఇన్‌హేలర్ చేతిల పట్టుకొని.

పొగలో కంటికి కనబడని నుసి ఉంటది, 2.5 మైక్రాన్ల కంటే సన్నం. మన వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు. ఆ నుసికి తలుపు సందే పెద్ద దర్వాజ. పెంకుల నడుమ, చూరు కింద, కిటికీ రెక్కల పక్కన, గాలి దూరిన ప్రతి చోటా అదీ దూరుతది. చలికాలం రాత్రి పొగ పైకి లేవదు, ఊరి మీదనే పరుచుకుంటది. పొద్దెక్కి బయట తేటపడ్డా మూసిన ఇంట్ల చాలాసేపు నిలుస్తది. (తలుపులు తీయాల్సింది అప్పుడు, మనమేమో అప్పుడూ మూసే ఉంచుతం.) మూతికి తువ్వాల కట్టినా దాన్ని ఆపదు. అగ్గిపెట్టినోడు గంటల పోతడు, రాత్రంతా పీల్చేది ఇంట్ల పడుకున్న ముసలోళ్లు, పసిపిల్లలు.

నేనూ కాల్చినోణ్నే, దాచను. యాసంగి నారు ముదురుతది, చేతిల పైసలుండవు, నిజమే. కానీ ఎకరానికి బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్లు పెట్టి దమ్ము చేస్తే కొయ్యలు మురుగుతయి. ట్రాక్టర్ కిరాయి భారమంటరా, సర్కారును అడుగుదాం, నేనూ వస్త. ఆ కిరాయి మా అమ్మ ఊపిరితోని ఎందుకు కట్టాలె?