లారీకి చలేస్తే...

జనవరిలో తెల్లవారుజామున ద్రాస్‌లో లారీ కింద మంట కనబడితే అగ్నిప్రమాదమని కంగారుపడక్కర్లేదు. డ్రైవరు డీజిలు ట్యాంకును వెచ్చబెడుతున్నాడన్నమాట! శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో కార్గిల్ కంటే ముందు తగిలే ఊరు ద్రాస్. అక్కడ చలికాలపు రాత్రి మైనస్ 20 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మనకు లంబసింగిలో సున్నాకు చేరిందంటేనే పేపర్లో ఫొటో పడుతుంది.

మనిషికి చలేస్తే రగ్గు కప్పుతాం. మరి లారీకి?

పెట్రోలు బండికి స్పార్కు ప్లగ్గు ఉంటుంది. అగ్గిపుల్ల గీసినట్టు నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిలు ఇంజనుకు ఆ వసతి లేదు. సిలిండర్లోకి వచ్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో, పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిలును సన్నటి తుంపరగా చిమ్మితే దానంతటదే భగ్గుమంటుంది. సైకిలు పంపుతో గబగబా గాలి కొడితే పంపు అడుగు చుర్రుమంటుంది కదా, అదే సూత్రం. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో నడిపి చూపించిన ఇంజను మొదలు ఇవాళ్టి పద్నాలుగు చక్రాల లారీ దాకా ఇదే కథ. ఇంజను లేవాలంటే వేడి పుట్టాలి. చలి లాగేసుకునేది ఆ వేడినే.

ఎలాగంటారా? రాత్రంతా మంచులో నిలబడ్డ ఇంజనులో ఆయిలు జిగురులా చిక్కబడుతుంది. తిప్పడానికి రెట్టింపు బలం కావాలి. సరిగ్గా అప్పుడే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. మైనస్ 18 దగ్గర దాని శక్తి దాదాపు సగానికి పడిపోతుంది మరి! సెల్ఫ్ కొడితే ‘గుర్... గుర్...’మని మూలుగుతుంది తప్ప ఇంజను చురుగ్గా తిరగదు. తిరగడం నెమ్మదయ్యేసరికి నొక్కిన గాలిలోని కాస్త వేడినీ చల్లటి ఇనుప గోడలు పీల్చేస్తాయి. లేహ్ ఎత్తు సుమారు 11,500 అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. నొక్కడానికి గాలి కూడా తక్కువేనన్నమాట. అందుకే ఇంజనుకొచ్చే గాలిని ముందుగా వేడిచేసే హీటర్లు పెడతారు. ఆ లైటు ఆరేదాకా ఆగాలి. ఆగే ఓపిక లేక వెంటనే సెల్ఫ్ కొట్టి, ఉన్న బ్యాటరీనీ ఖాళీ చేసుకునేవాళ్లే ఎక్కువ.

ఇంజను తిరుగుతున్నా లారీ లేవకపోతే అనుమానించాల్సింది డీజిలునే. చలికాలంలో మనింట్లో కొబ్బరినూనె సీసాకు ఏమవుతుంది? గడ్డకడుతుంది, ఎండలో పెడతాం. డీజిలులోనూ మైనం ఉంటుంది, కొవ్వొత్తిలో ఉండే రకమే. చల్లబడేకొద్దీ ఆ మైనం సన్నటి పలుకులుగా విడిపోతుంది. మొదట డీజిలు మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. తర్వాత ఆ పలుకులు ఫిల్టరుకు అడ్డం పడతాయి. ట్యాంకు నిండా డీజిలున్నా ఇంజనుకు చుక్క అందదు. లారీ కింద ఆ మంట ఇందుకే! కొందరు స్టవ్వు పెడతారు, కొందరు గుడ్డలు కాలుస్తారు. ఇంకొందరు డీజిలులో కిరోసిన్ కలుపుతారు.

లడఖ్ వెళ్లొచ్చిన యాత్రికులు ఈ మంటల సంగతి సాహసగాథలా చెబుతారు. నాకైతే అందులో సాహసం కనిపించదు. అక్కడి చలికి తగిన డీజిలు చేతికివ్వకుండా మనిషిని పంపితే అతనింకేం చేస్తాడు? ఇండియన్ ఆయిల్ సంస్థ లడఖ్ కోసం ప్రత్యేక శీతకాలపు డీజిలు తెచ్చింది 2019 నవంబరులో. పానిపట్ రిఫైనరీలో తయారైన ఆ డీజిలు మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టకుండా పారుతుంది. అంతకుముందు దశాబ్దాలపాటు అక్కడి లారీలు నడిచింది స్టవ్వుల మీదే అనుకోవాలి.

పాత చిట్కాలు కొత్త బండ్లకు పనికిరావు కూడా. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 లారీలకు గంధకం దాదాపు లేని డీజిలే పడుతుంది. కిరోసిన్ కలిపితే పంపు అరుగుతుంది, పొగను శుద్ధిచేసే పరికరం పాడవుతుంది. ఆ బిల్లు చూశాక చలే నయమనిపిస్తుంది! ఈ లారీల్లో పోసే యూరియా ద్రవం మైనస్ 11 దగ్గరే గడ్డకడుతుంది. దానికి మాత్రం భయపడక్కర్లేదు. ఇంజను లేచాక ఆ వేడితోనే కరిగేలా ఏర్పాటుంటుంది.

ఇదంతా లడఖ్ గొడవ, మనకెందుకు అంటారా? గుంటూరు మిర్చి లోడుతో ఢిల్లీ వైపు వెళ్లే లారీనే తీసుకోండి. మన దేశపు ప్రమాణాల్లో డీజిలుకు వేసవిది, శీతకాలానిది అని రెండు లెక్కలున్నాయి. ఫిల్టరు మూసుకుపోయే ఉష్ణోగ్రత వేసవి డీజిలుకు 18 డిగ్రీల దాకా ఉండొచ్చు. శీతకాలపు డీజిలుకు 6 డిగ్రీలు మించకూడదు. వెచ్చటి ఊళ్లో ట్యాంకు నిండా పోయించుకుని జమ్మూ దాటి కొండెక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చలి ప్రాంతంలో అడుగుపెట్టగానే అక్కడి బంకులో డీజిలు పోయించాలి. పోయించి అక్కడే ఆపేయకుండా కొన్ని కిలోమీటర్లు నడపాలి. అప్పుడే కొత్త డీజిలు పైపుల్లోకి, ఫిల్టరులోకి చేరుతుంది.

ఇవన్నీ పడలేక రాత్రంతా ఇంజను ఆపకుండా వదిలేసేవాళ్లున్నారు. పెద్ద ఇంజను ఊరికే తిరిగినా గంటకు రెండు మూడు లీటర్లు తాగుతుంది. పది గంటలకు పాతిక లీటర్లు, లీటరు తొంభై లెక్కన రెండువేల పైమాటే. ఓనరు ట్రిప్పుకింతని డీజిలు లెక్కగట్టి ఇచ్చి ఉంటే ఆ తేడా డ్రైవరు బత్తాలోంచే పోతుంది. అది మిగుల్చుకోవాలని ఇంజను ఆపేసి, క్యాబిన్లో కుంపటి పెట్టుకుని, అద్దాలు బిగించి పడుకుంటారు. ప్రాణం మీదికొచ్చేది ఇక్కడే. బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగుండదు, వాసనుండదు. దగ్గు రాదు, మెలకువా రాదు. చలికాలం వచ్చిందంటే ఉత్తరాది పత్రికల్లో ఇలాంటి మరణాలు కనిపిస్తూనే ఉంటాయి. లారీ లేవకపోతే మెకానిక్కు వస్తాడు. క్యాబిన్లో కుంపటి వద్దు, ఎంత చలైనా సరే. రెండు రగ్గులు ఎక్కువ పెట్టుకోవడమే దారి.

బండిని వాలులో నిలపడం, పొద్దున్నే ఎండ తగిలేలా ముఖం తూర్పుకు పెట్టడం సీనియర్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సెల్ఫ్ మాత్రం ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకూడదు. లేవకపోతే నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి. లేచిన కొత్తలో తెల్లపొగ వస్తుంది, సరిగా కాలని డీజిలు అది. పొగ చూసి కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కేయకూడదు. ఆయిలు ఇంకా పైదాకా చేరి ఉండదు. ఎయిరు నిండేదాకా బ్రేకులు ఎలాగూ వదలవు, ఆ కాసేపూ ఊరికే తిరగనివ్వాలి.

ఎయిరు ట్యాంకులో చేరిన నీళ్లను మాత్రం రాత్రి పడుకునే ముందే వదిలేయాలి. తెల్లారాక చేద్దామనుకుంటే ఆ నీళ్లు మంచుగడ్డయిపోయి వాల్వు కదలదు.