ఎయిర్‌గన్ పంటను కాపాడదు

రాత్రయితే పంది, తెల్లారితే నెమలి. మన ఆమడగూరు మండలంలో గుట్టల పక్కన చేను ఉన్న రైతును ఎవరిని కదిలించినా ముందు వచ్చే మాట ఇదే. విత్తనం వేసిన మర్నాడే నెమళ్లు సాళ్లు గెలికి గింజలు ఏరుకుంటాయి. ఊడలు దిగి కాయ ఊరే సమయానికి అడవిపందుల మంద పడి ఒక్క రాత్రిలో చెనక్కాయ చేనంతా తవ్విపోస్తుంది. మొక్కజొన్న కంకిలో పాలు నిండితే చిలకలు. ఇంటికొస్తే కల్లంలో, గాదెలో ఎలుకలు, కప్పు మీద కోతులు. వానకు భయపడి, ధరకు భయపడి, అప్పుకు భయపడి చేసే సేద్యంలో ఇదొక అదనపు భయం. భార్యాభర్తలిద్దరూ వంతులేసుకుని మంచె మీద పడుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ నిద్ర లేని రాత్రుల కూలిని ఏ సాగు ఖర్చు లెక్కలోనూ ఎవరూ రాయరు.

ఈ బాధలోంచే ఒక ప్రశ్న వస్తోంది. ‘లైసెన్సు అక్కర్లేదంట, ఎయిర్‌గన్ ఒకటి కొనుక్కుంటే సరిపోదా?’ అని. కొనమని చెప్పేవాళ్లకూ, ఫోన్లో వీడియోలు చూపించేవాళ్లకూ కొదవ లేదు. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాల్సిన బాధ్యత సంఘానికి ఉంది. రైతు చేతిలో డబ్బు పోవడమే కాదు, రైతే జైలుకు పోయే ప్రమాదం ఇందులో ఉంది.

ముందు ఆ వస్తువు సంగతి చూద్దాం. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి కొలత 0.177 అంగుళాలు, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు దాటకుండా, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటేనే లైసెన్సు అవసరం లేదు. అంతకంటే పెద్దది, ఉదాహరణకు 0.22 కొలతది, లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే అది ఆయుధాల చట్టం కింద నేరం. ‘అన్నీ ఒకటేలే’ అని అమ్మేవాడు చెబితే నమ్మొద్దు. కేసు అమ్మినవాడితో ఆగదు, కొన్నవాడి ఇంటికీ వస్తుంది.

లైసెన్సు అక్కర్లేని ఆ చిన్న ఎయిర్‌గన్ వేసే సీసపు గుండు బరువు దాదాపు అరగ్రాము. అడవిపంది తోలు మందం ఎంతో పందిని దగ్గర్నుంచి చూసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ గుండు పందిని చంపదు. గాయం చేస్తుంది, రెచ్చగొడుతుంది. గాయపడిన పంది చీకట్లో ఎదురు తిరిగితే కాపలా ఉన్న మనిషి తొడ చీల్చేస్తుంది. పోనీ పారిపోయిందే అనుకుందాం. ఆ మంద రేపు పక్క రైతు చేలో పడుతుంది, ఎల్లుండి మళ్లీ మన చేలోకే వస్తుంది. అంటే దేనికోసం తుపాకి కొన్నామో ఆ పందికే అది పనికిరాదు. పనికొచ్చేది పిట్టలకు, నెమళ్లకు, ఉడుతలకు. అసలు ఇరుక్కునేది అక్కడే.

ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదంటే దానితో దేన్నైనా కొట్టవచ్చని అర్థం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరే చట్టం. జంతువును గాయపరచగల, చంపగల ఏ సాధనమైనా ఆ చట్టం దృష్టిలో ఆయుధమే. వల, ఉచ్చు, విషం కూడా ఆ లెక్కలోవే. చంపడమే కాదు, చంపడానికి ప్రయత్నించినా, గూడు పాడుచేసినా, గుడ్లు తీసినా వేట కిందికే వస్తుంది. నెమలి, కృష్ణజింక, ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, రూ.25 వేలకు తగ్గకుండా జరిమానా. అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. దానికీ మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నెమలి తిన్న విత్తనం ఖరీదు ఎంత, ఒక పెద్దదిక్కు మూడేళ్లు జైల్లో ఉంటే ఆ ఇంటి సేద్యం గతి ఏంటి? ‘నా చేలోకి వచ్చింది కాబట్టి కొట్టాను’ అనేది కోర్టులో చెల్లదు. మనిషి మీద పడ్డప్పుడు ప్రాణ రక్షణ కోసం కొడితే నేరం కాదని చట్టం చెబుతుంది. పంట రక్షణకు మాత్రం ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి.

ఈ చట్టాన్ని మనం నెత్తిన పెట్టుకోవాలని ఈ మాట చెప్పడం లేదు. పట్నంలో కూర్చుని నెమలి అందాన్ని మెచ్చుకునేవాళ్లకు సాళ్లలో విత్తనం పోగొట్టుకున్న బాధ తెలియదు. కాని చట్టాన్ని మార్పించే పోరాటం వేరు, ఒంటరిగా రాత్రిపూట దాన్ని దాటబోయి పట్టుబడటం వేరు. మొదటిది సంఘం చేయగల పని. రెండోదాంట్లో రైతు పక్కన లాయరు తప్ప ఎవరూ నిలబడలేరు.

ఇక పిట్టల సంగతి. లద్దెపురుగుకు, శనగపచ్చ పురుగుకు మందు కొట్టే ముందు ఎకరాకు 20 పక్షి స్థావరాలు నాటమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. ఆ కర్రల మీద వాలి పురుగును ఏరుకు తినేది పసులపోలిగాడు, గోరింకలే. దుక్కి వెనకాల కొంగలు నడిచేదీ పురుగు కోసమే. ఒక పక్క వాటి కోసం కర్రలు పాతుతూ ఇంకో పక్క గన్ను ఎత్తడం మన చేతులతో మనమే మందుల ఖర్చు పెంచుకోవడం. గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టమని తరిమేస్తాం. రాత్రంతా మన ఎలుకలను పట్టేది అదే.

పిట్టలతో కలిసి బతకడం మన జిల్లాకు కొత్త కాదు. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. వాటి జోలికి వేటగాళ్లను రానివ్వనిది అక్కడి రైతులే. రెట్ట కంపు, అరుపుల గోల అన్నీ భరిస్తూనే కాపాడుతున్నారు. దూరాన అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో ఎయిర్‌గన్‌లను అప్పగించే కార్యక్రమం మొదలైతే ఆ ఏడాదిలోనే వందల మంది తమంతట తాము తెచ్చి ఇచ్చేశారు. అక్కడ సమస్య పంట కాదు, ఇంటింటి వేట. అడవిలో పిట్ట కూత తగ్గిపోతోందని గమనించాక మొదలైన పని అది. ఎయిర్‌గన్ చేసేది ఏంటో దాన్ని చాలాకాలం వాడినవాళ్లే చెప్పారన్నమాట.

ఎలుకలకు మాత్రం చట్టం అడ్డు లేదు, గన్ను అవసరమూ లేదు. ఒక్కో ఎలుకకు గురిచూస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమాడయోలోన్ కలిపి చిన్న కాగితం పొట్లాలుగా కట్టి ఎలుకలున్న బొరియల్లో వేయడం వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతి. ముందురోజు బొరియలన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే పొట్లం వేస్తే మందు వృథా కాదు. ఒక్కరే చేస్తే పక్క చేను ఎలుకలు వచ్చి చేరతాయి. ఊరంతా ఒకే వారంలో చేయాలి. చచ్చిన ఎలుకలను పూడ్చిపెట్టాలి, పిల్లలకు, కుక్కలకు, కోళ్లకు మందు అందకుండా చూడాలి.

పెరట్లో గురి నేర్చుకునే సరదా గురించీ ఒక మాట. ఆట తప్పేం కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ ఎయిర్ రైఫిల్‌తోనే. వాళ్లు 10 మీటర్ల దూరంలో, వెనక గట్టి అడ్డు ఉన్న రేంజిలో, శిక్షకుడి ముందు కాలుస్తారు. మన పెరట్లో గేదె ఉంటుంది, చంటిపిల్లలు ఉంటారు, గోడ అవతల పక్కింటివాళ్లు ఉంటారు. అరగ్రాము గుండు 20 జౌళ్ల శక్తితో బయలుదేరితే వేగం సెకనుకు 280 మీటర్లు. అందులో సగం వేగమున్నా కన్ను పోతుంది. రాతికి తగిలిన గుండు ఎటు తిరిగి వస్తుందో కాల్చినవాడికే తెలియదు. ఇప్పటికే ఇంట్లో ఉంటే పిల్లల చేతికి అందకుండా తాళం వేయండి. గురి మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలుంటే సరైన శిక్షణ కేంద్రానికి పంపండి.

మరి పందులకు ఏం చేయాలి? మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసలు ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ వేయమని శాస్త్రవేత్తలు అంటున్నారు. ఆముదం సలహా మనకు పనికొస్తుంది. కుసుమ రబీ పంట, మన వర్షాధార చెనక్కాయ ఖరీఫ్‌ది, కాబట్టి ఆ రెండో సలహా బోరు కింద రబీ వేసేవాళ్లకే. పాత చీరలు కట్టడం, డబ్బాలు మోగించడం, మెరుపు రిబ్బన్లు లాగడం కొన్నాళ్లే పనిచేస్తాయి, తర్వాత పందికీ, పిట్టకూ అలవాటైపోతుంది. కంచెకు కరెంటు మాత్రం పెట్టొద్దు. ఆ తీగకు పంది కంటే ముందు మోటరు వేయడానికి వెళ్లిన మనిషి తగులుతాడు.

ఇవన్నీ రైతు తన చేతి ఖర్చుతో చేసుకునేవే. ప్రభుత్వం చేయాల్సినవి వేరే ఉన్నాయి. పంటకు ప్రమాదకరంగా మారిన రెండో షెడ్యూలు జంతువును చంపడానికి రాతపూర్వక అనుమతి ఇచ్చే అధికారం చట్టంలోని సెక్షన్ 11లోనే ఉంది. తెలంగాణలో 2021లో సర్పంచులకు, కేరళలో 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు అడవిపందుల విషయంలో ఈ అధికారం అప్పగించారు. అనుమతి చేతికొచ్చినా లైసెన్సు తుపాకి ఉన్న, గురి తెలిసిన మనిషి దొరక్కపోతే అది ఉత్త కాగితమే. అందుకే అనుమతి పంచాయతీ దగ్గరే దొరకాలి, షూటర్ల ఏర్పాటు అటవీ శాఖ తన ఖర్చుతో చేయాలి. గుట్టల అంచు పొలాలకు కంచె కూడా ప్రభుత్వ ఖర్చుతోనే రావాలి. జంతువును కాపాడే బాధ్యత దేశానిదైతే దాని మేత ఖర్చు ఒక్క మెట్ట రైతు నెత్తినే ఎందుకు పడాలి?

నష్టం సంగతికొస్తే, అడవి జంతువుల దాడిని ఫసల్ బీమాలో స్థానిక విపత్తుల కింద అదనపు రక్షణగా చేరుస్తున్నామని, 2026 ఖరీఫ్ నుంచి అమలని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోగా యాప్‌లో ఫొటోలతో తెలియజేయాలని షరతు పెట్టింది. ఏ జిల్లాలు, ఏ జంతువులు అనేది రాష్ట్రమే నోటిఫై చేయాలి. శ్రీ సత్యసాయి జిల్లా ఆ జాబితాలో ఉండాలి. అడవిపంది, జింకలతో పాటు నెమలి కూడా అందులో ఉండాలి. ఇంకో మెలిక ఉంది. అనంతపురం ప్రాంతంలో వేరుశనగ ఏళ్ల తరబడి వాతావరణ ఆధారిత బీమా కింద ఉంటూ వచ్చింది. ఆ పథకం వాన లెక్క చూసి డబ్బులిస్తుంది, చేను చూసి కాదు. పంది పడిన సంగతి వర్షమాపకానికి తెలియదు కదా. ఏ పథకంలో ఉన్నా మన ప్రధాన పంటకు ఈ రక్షణ వర్తించేలా ఉత్తర్వు ఇవ్వాలని సంఘం డిమాండ్ చేస్తోంది. స్మార్ట్ ఫోను లేని రైతు తరఫున రైతు సేవా కేంద్రం సిబ్బందే ఫొటో తీసి నమోదు చేయాలి.

పంట పోయిన రోజే తేదీ, సర్వే నంబరు, పోయిన విస్తీర్ణం రాసి, ఫొటోలు జతచేసి రైతు సేవా కేంద్రంలోనూ, అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలోనూ అర్జీ ఇవ్వండి. ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. కౌలు రైతులు పొలం యజమాని పేరుతో కాకుండా సొంత పేరుతోనే ఇవ్వండి. ఒక నకలు మీ గ్రామ సంఘం కార్యదర్శికి చేర్చండి. మండలంలోని అర్జీలన్నీ ఒక్కచోట చేర్చి జిల్లా కలెక్టరుకు అందజేద్దాం.