వేడి చేయలేదు వదినా!

పోయిన వారం రాత్రి పదింటికి మా వదిన ఫోన్ చేసింది. అంత పొద్దుపోయాక తనెప్పుడూ చెయ్యదు. ఏమైందోనని కంగారుగా ఎత్తితే, గొంతు బాగా తగ్గించి, "టీ ట్రీ ఆయిల్ మంచిదేనా? కొబ్బరినూనెలో కలిపి రాసుకోవచ్చా?" అంది. ఎక్కడ రాయడానికి అని నేను అడగలేదు. ఆ గొంతే చెప్పేసింది. రెండేళ్ల కిందట నేను కూడా సరిగ్గా అదే గొంతుతో మా చెల్లెల్ని అడిగాను.

తెల్లబట్ట, కింద దురద, మంట. ప్రతి నలుగురు ఆడవాళ్ళలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే బాధ ఇది. మా అమ్మ కాలంలో దీనికి ఒకటే పేరు, "వేడి చేసింది". సబ్జా గింజలు నానబెట్టుకుని తాగడం, మజ్జిగ, బార్లీ నీళ్ళు. వాటికీ తగ్గకపోతే నోరు మూసుకుని భరించడం. ఇప్పుడు మనం ఫంగల్ ఇన్‌ఫెక్షన్ అంటున్నాం. పేరు మారింది గానీ పద్ధతి మారలేదు. ఎవరికీ తెలియకుండా తగ్గిపోవాలి, అంతే.

నా సంగతే చెప్తాను. మొదటిసారి వచ్చినప్పుడు మెడికల్ షాపులో అడిగితే ఒక్క మాత్ర ఇచ్చారు, ఫ్లూకొనజోల్ 150. తగ్గింది. మూడు నెలలకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే మాత్ర. మూడోసారి సగమే తగ్గింది. నాలుగోసారి అసలు పనిచెయ్యలేదు. అప్పుడు ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. మందులకు లొంగని ఈస్ట్‌ని కూడా లవంగ నూనె, టీ ట్రీ ఆయిల్ చంపేస్తాయని పరిశోధనల్లో తేలిందట! ఎంత సంతోషం వేసిందో. లవంగం మన పోపుల డబ్బా పక్కన ఉండేదే కదా, అదేం చేస్తుంది అనుకున్నాను.

కొబ్బరినూనెలో రెండు చుక్కలు కలిపి రాసుకున్నాను. పచ్చిమిరపకాయలు తరిగిన చెయ్యి కంట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. అది కంట్లో కాదు అనుకోండి, అంతే తేడా. రెండు గంటలు బాత్రూంలో నీళ్ళు పోసుకుంటూ కూర్చున్నాను. మర్నాడు కుర్చీలో కూర్చోలేక నడుము నొప్పి అని చెప్పాను. మా ఆయన పాపం వేడినీళ్ళ బ్యాగు తెచ్చి నడుముకు కాపడం పెట్టారు.

తర్వాత నెమ్మదిగా చదువుకుంటే అర్థమైంది, ఆ పరిశోధనలు అబద్ధం కావు. లవంగంలో యూజినాల్ అనే పదార్థం ఉంది. మన వాములో థైమాల్ ఉంది. టీ ట్రీ నూనెలోనూ, దాల్చినచెక్క నూనెలోనూ అలాంటివే వేరేవి ఉన్నాయి. ఇవి ఈస్ట్ కణం పైపొరను దెబ్బతీస్తాయి. కొన్ని నూనెలు కలిపితే, పనిచెయ్యడం మానేసిన మందు మళ్ళీ కాస్త పనిచేసిందని కూడా ల్యాబుల్లో చూశారు. ఇదంతా నిజమే.

కానీ అదంతా ఎక్కువగా ల్యాబులో గాజు పళ్ళెంలో పెంచిన ఈస్ట్ మీద జరిగింది. గాజు పళ్ళానికి మంట పుట్టదు. ఈస్ట్ పొరను చీల్చే నూనె మన లోపలి లేత చర్మాన్ని మాత్రం వదిలిపెడుతుందా? ఇంకొకటి, ఇవి మనం వంటకు వాడే నూనెల్లాంటివి కావు. బోలెడు మొక్కల్ని ఆవిరి పట్టి తీసిన గాఢమైన సారం. వాము నమలడం వేరు, ఆ సీసాలో చుక్క వేరు. ఎంత వాడాలి, ఎన్ని రోజులు వాడాలి, ఎవరికి పడదు అని ఆడవాళ్ళ మీద సరిగ్గా పరీక్షించి చెప్పిన కొలత లేకుండా సీసా మాత్రం అమ్మేస్తున్నారు. "సహజం కాబట్టి హాని లేదు" అని దాని మీద రాసుంటుంది. గన్నేరు కూడా సహజమే కదండీ!

ఇక మాత్ర ఎందుకు పనిచెయ్యలేదో డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. అవును, చివరికి వెళ్ళాను. ఈస్ట్ తన పైపొర కట్టుకోవడానికి ఒకరకం కొవ్వు తయారుచేసుకుంటుంది. ఫ్లూకొనజోల్ ఆ తయారీని ఆపుతుంది. మనం మాటిమాటికీ వాడుతుంటే బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. అవి మందును బయటికి తోసెయ్యడం కూడా నేర్చుకుంటాయి. పైగా క్యాండిడాలో చాలా రకాలున్నాయి. ఆల్బికాన్స్ మామూలుగా మాత్రకు లొంగుతుంది. గ్లాబ్రాటా అంత తేలిగ్గా లొంగదు. క్రూసీకైతే ఆ మాత్ర మొదటినుంచీ పనిచెయ్యదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిసారి ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా వేసింది. అందులో 19 ఉంటే, అన్నిటికన్నా పైన పెట్టిన నాలుగింటిలో రెండు క్యాండిడాలే, ఆరిస్, ఆల్బికాన్స్. ఆరిస్ ఆసుపత్రుల్లో బాగా జబ్బుపడ్డవాళ్ళను పట్టుకునేది, మన ఇంటి దురద అది కాదు, భయపడకండి. కానీ మందుకు లొంగకపోవడం అనేది ఎంత పెద్ద సంగతో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆవిడ దూదిపుల్లతో నమూనా తీసి కల్చర్‌కి పంపారు. దాంతోపాటు షుగర్ పరీక్ష రాశారు. ఈ రెండో కాగితమే నా కళ్ళు తెరిపించింది. మూడు నెలల సగటు షుగర్ 8 దాటింది. నాకు షుగర్ ఉందని నాకే తెలియదు! ఒంట్లో చక్కెర ఎక్కువైతే ఈస్ట్‌కి పండగే. నాలుగుసార్లు దురద వచ్చి చెప్పింది ఆ మాటే. నేను ప్రతిసారీ ఒక మాత్రతో, చివరికి నూనెతో దాని నోరు నొక్కుతూ వచ్చాను.

నాది మాత్రకు లొంగని రకమని తేలింది. బోరిక్ యాసిడ్‌తో చేసిన క్యాప్సూల్స్ లోపల పెట్టుకోవడానికి రాశారు, షుగర్‌కి మందు మొదలుపెట్టారు. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి కూడా బోరిక్కే కదా అని ఎవరూ సొంతంగా ప్రయోగాలు చెయ్యకండి. అది మింగితే విషం, గర్భిణులు వాడకూడదు. డాక్టర్ కొలిచి రాస్తేనే మందు.

కారణం అందరికీ షుగరే కానక్కర్లేదు. యాంటీబయాటిక్స్ వాడాక వస్తుంది, కడుపుతో ఉన్నప్పుడు వస్తుంది. షుగర్‌ని మూత్రంలోంచి పంపేసే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. అసలు ప్రతి తెల్లబట్టా ఈస్ట్ కాదు. చేపల వాసన వస్తుంటే అది బ్యాక్టీరియా వల్ల కావచ్చు. ట్రైకోమోనాస్ అయితే భర్తకు కూడా మందు వాడాలి. ఇవన్నీ మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నిలబడి, పక్కవాళ్ళు వినకుండా చెప్పే రెండు ముక్కల్లో తేలేవి కావు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళడం అందరికీ తేలిక కాదని నాకూ తెలుసు. లేడీ డాక్టర్ ఉండకపోవచ్చు, డబ్బు ఉండకపోవచ్చు, అత్తగారికి ఏం చెప్పి బయటికెళ్ళాలో తెలియకపోవచ్చు. ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎమ్‌కో చెప్తే ప్రభుత్వాసుపత్రిలో ఎవరికి చూపించుకోవాలో చెప్తారు. ఏది ఏమైనా నా అభిప్రాయం ఇది. ఆ నూనెను మనం కొనేది దాని మీద నమ్మకంతో కాదు, సిగ్గుతో. అది ఉంటే ఎవరి ముందూ నోరు విప్పక్కర్లేదు. అమ్మేవాళ్ళకు ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. రేపెప్పుడైనా ఆ మొక్కల్లోంచే సరిగ్గా పరీక్షించిన మందు వస్తే, ముందు వాడేది నేనే. అందాకా లవంగం నా బిర్యానీలోనే ఉంటుంది.

వదినతో ఇదంతా చెప్పాను. నా నడుము నొప్పి కథ విని ఫోన్‌లోనే పడిపడి నవ్వింది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆర్నెల్ల నుంచీ ఉంది" అంది చివరికి. ఆర్నెల్లు! ఒకే ఊళ్ళో ఉంటూ, వారానికోసారి కలుస్తూ, చీరల గురించీ పిల్లల మార్కుల గురించీ గంటలు గంటలు మాట్లాడుకున్నాం.

సోమవారం ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్తున్నాం. "మీ అన్నయ్యకి ఏం చెప్పను?" అని అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు వదినా. నడుము నొప్పి అని మాత్రం చెప్పకు, కాపడం పెడతాడు" అన్నాను.