సైకిలిస్టు పరిహారం నంబరు ప్లేటును బట్టేనా?

సైకిల్ మోటారు వాహనం కాదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా అక్కర్లేదు. కాబట్టి సొంత బీమా లేదన్న సాకుతో గాయపడిన సైకిలిస్టుకు పరిహారం ఎగ్గొట్టడం కుదరదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కలో అతడు థర్డ్ పార్టీ. గుద్దినది లారీ అయినా, బైకు అయినా దానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. బీమా చేయించని వాహనమైతే ఆ భారం యజమానిదే.

పరిహారానికి రెండు దారులున్నాయి. 164వ సెక్షన్ కింద డ్రైవరు తప్పు రుజువు చేయనవసరం లేదు. మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు వస్తాయి. ఎముక విరిగినా తీవ్ర గాయమే. 166వ సెక్షన్ కింద డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపాలి గానీ, పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. మొదటి దారిలో సొమ్ము పుచ్చుకుంటే రెండో దారి మూసుకుపోతుంది. శాశ్వత వైకల్యం మిగిలినవారు తొందరపడి రెండున్నర లక్షలకు ఒప్పుకుంటే చాలా నష్టపోతారు.

ఎంత నష్టమో ఒక లెక్కతో తెలుస్తుంది. నెలకు రూ.12 వేలు సంపాదించే 38 ఏళ్ల తాపీమేస్త్రీకి కాలు దెబ్బతిని 40 శాతం వైకల్యం వచ్చిందనుకుందాం. ఏడాది ఆదాయం రూ.1.44 లక్షలు. భవిష్యత్తులో పెరగగల సంపాదన కింద 40 శాతం కలిపి, ఆ వయసుకు సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం 15తో హెచ్చిస్తే రూ.30.24 లక్షలు. వైకల్య శాతాన్నే పట్టుకుంటే అందులో దక్కేది రూ.12 లక్షల పైచిలుకు. అయితే వైద్యులు చెప్పే శాతం వేరు, సంపాదన శక్తిలో పోయిన శాతం వేరని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒక చేయి పోయిన గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు, వడ్రంగి బతుకుతెరువు మొత్తం పోవచ్చు. పరంజి ఎక్కలేని మేస్త్రీది ఈ రెండో కోవ. ఆ సంగతి పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు గట్టిగా చెప్పేవారు లేకపోతే సర్టిఫికెట్‌లోని అంకె మీదే తీర్పు నిలుస్తుంది. వైద్య ఖర్చులకు, నొప్పికి, మంచాన పడ్డ నెలల కూలికి ఇచ్చేది దీనికి అదనం.

హైదరాబాద్‌లో గాయపడిన శ్రీకాకుళం కూలీ తన సొంత జిల్లా ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేసుకోవచ్చు. 2019 సవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. నెలల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగేవారికి ఇది కఠినమైన నిబంధన. దీని చెల్లుబాటుపై వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పోలీసులు ట్రిబ్యునల్‌కు పంపాల్సిన ప్రమాద నివేదికనే పిటిషన్‌గా స్వీకరించే వెసులుబాటు చట్టంలో ఉంది. పోలీసులు ఆ పని సకాలంలో చేస్తే పేదవాడికి గడువు బెడద చాలావరకు తప్పుతుంది.

ఇవన్నీ గుద్దిన వాహనం దొరికినప్పటి మాటలు. చీకట్లో గుద్ది పారిపోతే తీవ్ర గాయానికి దక్కేది రూ.50 వేలే, మరణానికి రూ.2 లక్షలు. 2022 ఏప్రిల్‌కు ముందు ఇవి రూ.12,500, రూ.25 వేలు. అదే కాలు, అదే గాయం. నంబరు తెలిస్తే రెండున్నర లక్షలు, తెలియకపోతే అందులో అయిదో వంతు. కిందపడి ఒళ్లు తెలియని మనిషి నంబరు చూడలేకపోవడం అతడి తప్పు కాదు. ఈ మొత్తాలను పెంచడానికి పార్లమెంటులో కొత్త బిల్లు కూడా అవసరం లేదు. అంతకుమించిన పరిహారాన్ని నిర్ణయించే అధికారాన్ని 161వ సెక్షన్ కేంద్రానికి ఇప్పటికే ఇచ్చింది.