పార్లెంట్ కాదు, పార్ల్

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ విద్యా పేజీలో ఇంటర్ పిల్లల కోసం వేసిన ఫ్రెంచి క్రియల పట్టిక చూశాను. ‘మాట్లాడు’ అనే క్రియకు ‘వాళ్లు’ రూపాన్ని తెలుగులో ‘పార్లెంట్’ అని అచ్చువేశారు. ఫ్రెంచివాళ్లెవరూ అలా అనరు. ఆ చివరి మూడక్షరాలు కాగితం కోసమే. నోటికి ‘పార్ల్’తో పని అయిపోతుంది. నేను, నువ్వు, అతను, వాళ్లు: ఈ నాలుగింటికీ రాత మూడు రకాలు, పలుకు ఒక్కటే. మేము అంటే పార్లోఁ, మీరు అంటే పార్లే.

పిల్లల్ని అని లాభం లేదు. మనం రాసింది రాసినట్టు చదివేవాళ్లం. పైగా అజంత భాష మనది. బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసేదాకా నోరు ఊరుకోదు. అయితే మందు కూడా మన లిపిలోనే ఉంది. మాట హల్లుతో ఆగితే పొల్లు పెట్టండి. ముక్కుతో పలికే అచ్చుకు, మనం ఎప్పుడో అటకెక్కించిన అరసున్నను దింపండి. (గొంతులో గరగరలాడే ఆ ‘ర’ను మాత్రం ఏ గుర్తూ పట్టివ్వలేదు, విని నేర్చుకోవాల్సిందే.) ఒకే అక్షరాల వరస నామవాచకమైతే ‘కూవాఁ’, అంటే కన్యాస్త్రీల మఠం, క్రియ అయితే ‘కూవ్’, అంటే కోళ్లు పొదుగుతున్నాయని. మీ పద్ధతిలో రెండూ ‘కూవెంట్’ అయిపోతాయి.

అక్షర విభజన చెబితే పిల్లలకు సగం బట్టీ తప్పుతుంది. ‘అతను ప్రేమిస్తాడు’ ఇలెమ్, ‘వాళ్లు ప్రేమిస్తారు’ ఇల్‌జెమ్. ‘వాళ్లు’ అనే మాట చివర మూగగా ఉన్న హల్లు, పక్క అచ్చు తగలగానే ‘జ’గా నోరు విప్పి అవతలి అక్షరంలో చేరిపోయింది. సంధులు చదివిన తెలుగు పిల్లలకు ఇది కొత్తా? ‘కొను’ క్రియలో ‘నేను’ రూపం జషెత్, ‘మేము’ రూపం నూజష్తోఁ. చివరి అక్షరం హల్లుతో మూసుకున్నచోట అచ్చు విచ్చుకుని నెత్తిన ఏటవాలు గీత పెట్టుకుంది. మూసుకోనిచోట ఆ అచ్చే మాయమైంది. 1990 నాటి ఫ్రెంచి రాత సవరణల్లో కొన్ని క్రియల భవిష్యత్ రూపాల మీద గీత దిశ మార్చింది కూడా పలుకుకు దగ్గరగా ఉండాలనే.

రాత పరీక్షలో ఇవేవీ అడగరు, నిజమే. కానీ తెలుగులో ఉచ్చారణ అచ్చువేయాలని పూనుకున్నది మీరే కదా. వచ్చే వారం ఆ పట్టికను పొల్లులతో, అరసున్నలతో మళ్లీ వేయండి. దిద్దిన ప్రతి ఈ లేఖతో జతచేశాను.

ఇట్లు,
విశ్రాంత ఫ్రెంచి ఉపాధ్యాయుడు,
యానాం